మెల్పో కట్టిన వంతెన

ముక్కు దురదంటే అలాంటిలాంటి దురద కాదు. కుడి ముక్కుపుటం అంచున, మాస్కు గుడ్డ తగిలీ తగలనట్టు తగిలేచోట, సరిగ్గా చేతులు ఖాళీలేని వేళ చూసుకుని వచ్చి కూర్చున్న దురద. గోక్కుందామంటే కుడిచెయ్యి వాల్వు మీద ఉంది, తియ్యడానికి లేదు. ఎడమచెయ్యి ఖాళీయే గాని ఈ గదిలో గ్లవ్సు చేత్తో ముఖం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే గ్లవ్సు మార్చాలి, గ్లవ్సు మార్చాలంటే వాల్వు వదలాలి, వాల్వు వదిలితే యంత్రంలోని గ్యాసు బుస్సున పోతుంది, గ్యాసు బుస్సుమంటే లోపలున్న వంతెనలన్నీ బోర్లాపడతాయి, వంతెనలు పడితే పథకం పడుతుంది, పథకం పడితే దాన్ని నడిపే ప్రొఫెసర్ లాంబ్రోస్ పడతాడు, అదీ మామూలుగా పడడు, నిట్టూరుస్తూ, ఈ దేశంలో విజ్ఞానానికి విలువలేదని ఉపన్యాసమిస్తూ, దారిలో తనని కూడా లాక్కుంటూ పడతాడు. కాబట్టి ముక్కు ఏడవనీ, అనుకుంది మెల్పో, అనుకుని ముక్కుని మాస్కు లోపలే కుందేలులా ఆడించి, వాల్వుని గోరంత, గోరంతలో సగమంత తిప్పి, ఒత్తిడి చూపించే ముల్లు వంక చూసింది. ముల్లు కదిలిందా అంటే కదిలింది, లేదా అంటే లేదు. తన యాభయ్యో పుట్టినరోజు కూడా ఇలాగే, కనబడకుండా దగ్గరికొస్తోంది.

వాల్వు చేత్తో తిప్పాల్సిన ఖర్మేమిటంటే, యంత్రం తనంతట తాను తిప్పుకునే భాగం శీతాకాలంలోనే చెడిపోయింది, కొత్తది వస్తోంది వస్తోందని లాంబ్రోస్ అంటూనే ఉన్నాడు, పెళ్లికొడుకు వస్తున్నాడన్నట్టే. ఈలోగా మెల్పో చెయ్యే ఆ భాగం. వంతెనల్ని తయారుచెయ్యడం కష్టం కాదు, ఆరబెట్టడమే కష్టం, ఇది ఎవరికి చెప్పినా అర్థం కాదు. చెప్పినంతవరకు బాగానే ఉంటుంది: ఇంత సన్నటి బంగారపు పట్టీ, దాని పక్కన తలవెంట్రుకని పెడితే వెంట్రుకే ఇంటి దూలంలా కనిపిస్తుంది, ఆ పట్టీ రెండు చివర్లా అతుక్కుని మధ్యలో గాలిలో నిలబడుతుంది, దాని కిందనుంచి రేడియో తరంగం పోతుంది. కరెంటు తగిలితే వంగి దారి మూస్తుంది, కరెంటు తీసేస్తే లేచి దారి ఇస్తుంది, రైల్వే గేటుకి మల్లే. ఫోనులోనైనా ఉపగ్రహంలోనైనా ఇటు తరంగాన్ని అటు మళ్లించాలంటే ఇలాంటి గేట్లు కావాలి, ఇది తినే కరెంటు ఉందా లేదా అన్నంత. అంతా బంగారమే. కాని కడిగి ఆరబెట్టేటప్పుడు ఆఖరి తడిచుక్క ఉంటుంది చూశారూ, అది పోతూ పోతూ వంతెనని కిందికి పీక్కుని మరీ పోతుంది, ఒకసారి కిందికి అతుక్కుంటే ఇక లేవదు, పెద్దింటి అల్లుడు సోఫాలో కూర్చున్నట్టే. అందుకని తడినంతా తోసేసి, దాని చోట చల్లటి ద్రవంగా మార్చిన గ్యాసు నింపి, అదిమి, వెచ్చబెట్టి, అది నీరూ కాక గాలీ కాక మధ్యలో ఉన్నప్పుడు, వంతెనకి తెలియకుండా, తలుపు చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయే మంచి చుట్టంలా, మెల్లమెల్లగా సాగనంపాలి. ఆ సాగనంపడమే ఈ గంట. ఈ గంట అయ్యాక వంతెనలు లేచి నిలబడితే, డబ్బిచ్చే బ్రస్సెల్స్ కమిటీ కళ్లతో చూస్తే, ప్రయోగశాల బతుకుతుంది. ఇంతకుముందు రెండుసార్లు కమిటీ వచ్చినప్పుడూ వంతెనలన్నీ మంచి నిద్రలో ఉన్నాయి. ఇవాళ మూడోసారి, నాలుగోసారి ఉండదని ఉత్తరువులోనే ఉంది.

తొడ మీద ఫోను వణికింది. తెల్లటి సంచిలాంటి ఈ దుస్తుల లోపల, ప్యాంటు జేబులో, ఎవరూ ఎత్తలేని చోట వణికి, ఆగి, మళ్లీ వణికింది. అలా మళ్లీ మళ్లీ వణికించేది ప్రపంచంలో ఒక్క మనిషే, అమ్మ. ఎత్తకపోతే వినబడలేదనుకుంటుంది గాని ఎత్తలేదనుకోదు గరిఫాలియా. క్రీట్ కొండల్లో కాతోరెమ ఊళ్లో కాఫీకొట్టు నడిపే మనిషికి ఫోను కూడా కొట్టుకి వచ్చే ఖాతాదారులాంటిదే, గట్టిగా పిలిస్తే పలుకుతుంది. ఆవు ఈనిందని చేస్తుంది, మీ క్లాసులో ఉండేదే ఆ లావుపాటి పిల్ల, దాని మొగుడు మీసం తీసేశాడని చేస్తుంది, ఏం చేస్తున్నావని మాత్రం అడగదు, ఎందుకంటే ఆవిడకి తెలుసు. తెలియడమే వచ్చిన చిక్కు. ఎలా తెలిసిందంటే, కొన్నేళ్ల కిందట పినతండ్రి కొడుకు పెళ్లి, బల్లల మీద గొర్రెమాంసం పొగలు, లీరా ఫిడేలు వాయించేవాడు చెవుల్లోంచి ప్రాణాలు లాగుతున్నాడు, అమ్మ చెవి దగ్గరికొచ్చి అరిచింది, "ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేంటే? అందరూ అడుగుతున్నారు!" తను కూడా అరిచింది, "వంతెనలు చేస్తానమ్మా! కంటికి కనబడవు!" సరిగ్గా "కంటికి" అనేచోట పెళ్లికొడుకు తరఫువాళ్లు ఆచారం ప్రకారం ఆకాశంలోకి తుపాకులు పేల్చారు. అమ్మకి వంతెనలు చేరాయి, కనబడకపోవడం చేరలేదు. మర్నాటికల్లా కాఫీకొట్టులో మెల్పో వంతెనల ఇంజినీరు, నెలకల్లా పెద్ద రోడ్డు మీది పెద్ద వంతెన మెల్పోదే, ఏడాదికల్లా దేశంలో ఏ వంతెన టీవీలో కనిపించినా గరిఫాలియా కప్పు తుడుస్తూ తల ఊపేది, కాదనేది కాదు. అలా ఊరికే తల ఊపడాన్ని అబద్ధం అనొచ్చా?

ఫిబ్రవరిలో వాగు పొంగి ఊరి రాతివంతెనని ఎత్తుకుపోయింది. కాఫీకొట్టు ఇటు ఒడ్డున, చర్చి అటు ఒడ్డున మిగిలాయి, మొదట్లో మగవాళ్లెవరూ పెద్దగా బాధపడలేదు. కాని ఆలివ్ తోటలు కూడా అటే, శ్మశానమూ అటే, కొండ చుట్టి రావాలంటే పూట పడుతుంది, నడుముల్లోతు నీళ్లల్లో దాటుతూ అమ్మే ఒకసారి జారిపడింది. ఆ సంగతి ఫోనులో చెప్పలేదు ఆవిడ. ఆవు ఈనడం చెప్పింది, తుంటి మీద గుమ్మడికాయంత కమిలిన మచ్చ చెప్పలేదు, అది లావుపాటి పిల్ల చెబితే తెలిసింది. జిల్లా ఇంజినీరు వారంలో వస్తానన్నాడట, ఏ వారమో చెప్పలేదట. ఆ మచ్చ తలుచుకుంటూ ఉంటే ఇక్కడ కుదరదు. తిప్పాలి, తిప్పాలి, గోరంతలో సగం. ముల్లు కదిలింది.

ముల్లు మీంచి కన్నెత్తితే అద్దం, అద్దం అవతల సందర్శకులు నడిచే వసారా. అక్కడ నల్లగౌను వేసుకున్న పొట్టి ఆడమనిషి ఒకావిడ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. మా అమ్మ కూడా సరిగ్గా ఇలాంటి గుడ్డే కప్పుతుంది పళ్లెం మీద, అనుకుంది మెల్పో, అనుకున్నాక ఆ ఆలోచన వెనక్కి తిరిగి వచ్చి చెంప మీద కొట్టింది. అమ్మే. పక్కన మనూసోస్ బాబాయ్, ఊరి ప్రెసిడెంటు, గొర్రెపొట్టేలు కొమ్ముల్లాంటి మీసాలు, భుజాన గోనెసంచి. ఆ సంచిలో ఏముంది? దించి, మూతి విప్పి, రెండు చేతులా ఎత్తి అద్దానికి ఆనించి చూపించాడు. రాయి. నాచు పట్టిన, చెక్కిన, వంతెన రాయి. కొత్త ఇంజినీరుకి పాత సరుకు నాణ్యం చూపించడానికి కొండల్లోంచి ఈ హెరాక్లియో పట్నం దాకా మోసుకొచ్చాడు. దేవుడా, ఇవాళా? ఇప్పుడా? మాస్కు లోపల మెల్పో నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు, కళ్లద్దాలు మాత్రం మసకబారాయి.

అమ్మ చెయ్యూపింది. మెల్పో కూడా ఎడమచెయ్యి ఎత్తబోయి ఆగింది, అమ్మ చూపు తనమీద లేదు. గది అవతలి మూల సూక్ష్మదర్శిని దగ్గర ఉన్నది తనతో పనిచేసే ఫనూరిస్, ఆరడుగుల మనిషి, గడ్డానికి కూడా సంచి తొడుక్కున్నాడు, తెల్లటి దుస్తుల్లో కళ్లు తప్ప ఇంకేం కనబడదు ఎవరికీ. గరిఫాలియా అతని వంక చూసి ముద్దులు విసురుతోంది. బుగ్గలు పట్టి చూపించి, చిక్కిపోయావేమే అని సైగ చేస్తోంది, పళ్లెం మీది గుడ్డ తొలగించి, నీకోసమే అని సైగ చేస్తోంది. ఫనూరిస్ మర్యాదస్తుడు, అటూ ఇటూ చూసి, తనకేనని తేల్చుకుని, చేతిని గుండె మీద పెట్టుకుని వంగి దండం పెట్టాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. నవమాసాలు మోసినావిడ, దూడల మందలో తన దూడని వాసన పట్టి చెప్పే మనిషి, అద్దం అడ్డమొస్తే ఆరడుగుల గడ్డంవాణ్ణి కన్నకూతురనుకుంది. మెల్పోకి ఒళ్లు మండింది. తను అంత పొడుగా? అంత వెడల్పా?

అప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులాగా వసారా చివరినుంచి లాంబ్రోస్ వచ్చాడు, వెంట బ్రస్సెల్స్ కమిటీ. కమిటీ అంటే ఒక్కరే, తూలిక్కి అనే ఫిన్లండు ఆవిడ, మంచుగడ్డకి కళ్లజోడు పెట్టినట్టుంటుంది. రెండుసార్ల రాకలోనూ ఆవిడ అడిగింది ఒకే ప్రశ్న, ఎప్పుడు పూర్తవుతుంది అని. నలుగురూ ఎదురుపడ్డారు. వినబడదు, కనబడుతుంది, అంతకంటే హింస ఉండదు. అమ్మ రెండు చేతులూ చాచి వంతెనంత చూపించింది. లాంబ్రోస్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏమీ లేనంత చూపించాడు. అమ్మ ఆ వేళ్లవంక చూసి, పాపం ఇతనికేదో అయిందన్నట్టు జాలిపడి ఒక కలిత్సూన్యా చేతిలో పెట్టింది. జున్ను నింపిన ఆ కజ్జికాయల్లాంటివాటికి కాదనడం తెలిసినవాడు క్రీట్‌లో పుట్టలేదు, నోరు నిండాక లాంబ్రోస్ వాదన ఆగిపోయింది. మనూసోస్ బాబాయ్ నీళ్లసీసా తీసి ఫిన్లండు ఆవిడకి అందించాడు. అయ్యో, అది నీళ్లసీసాయే గాని నీళ్లు కావు, ఆయన పెరట్లో కాచిన ద్రాక్షసారా, దాంతో పోయినేడు ట్రాక్టరు కడిగితే రంగు ఊడొచ్చింది! ఆవిడ ఎత్తి గుటుక్కున తాగింది. ఆగింది. కళ్లజోడు సర్దుకుంది. మళ్లీ ఎత్తింది. రెండోసారి దించాక మనూసోస్ టోపీ తీసి, మనిషంటే ఇలా ఉండాలన్నట్టు రాయిని ఆవిడ చేతుల్లో పెట్టాడు.

గోడనున్న ఇంటర్‌కమ్ గరగరలాడింది. "మెల్పో," లాంబ్రోస్ గొంతు, జున్నుతో సహా, "మీ అమ్మగారొచ్చారు. మీ ఊరి వంతెన ఎప్పుడు మొదలెడతావని అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

ఆ తరవాత పెనుగులాట చప్పుడు, ఆ తరవాత అమ్మ. "ఒసేయ్, ఫోనెందుకెత్తవే? ఇందులో ఎవరే నువ్వు? అందరూ పిండిలో పడ్డ పిల్లుల్లా ఉన్నారు!"

"ఎడంపక్క, అమ్మా. ఒంటికాలి మీద నిలబడ్డదాన్ని."

"ఆ కొంగ నువ్వా! చిన్నప్పుడూ అంతే, ఏదన్నా భయమైతే ఒంటికాలి మీద నిలబడేది," అని వసారాలో అందరికీ చెప్పి, "మరి ఆ పొడుగుపిల్ల ఎవరు? సర్లే, పెళ్లైందా దానికి? బయటికి రా ముందు, ప్రెసిడెంటుగారు తెల్లారకముందే లేచొచ్చారు."

"రాలేనమ్మా. చెయ్యి తీస్తే అంతా పోతుంది."

"గ్యాసుబండ పని నీచేత చేయిస్తున్నారా? ఇంజినీరుచేత?"

ఇప్పుడేమనాలి? అద్దం అవతల నాలుగు ముఖాలు. తరవాత చెప్తానమ్మా అనొచ్చు, ఇప్పటిదాకా జరిగిందదే, తరవాత తరవాత అంటూ అబద్ధం కాని అబద్ధం ఒకటి పెరిగి పెద్దదై గోనెసంచితో ఇక్కడిదాకా నడిచొచ్చింది. ఇంకోసారి తరవాత అంటే ఆ ఊరు ఎదురుచూస్తూ కూర్చుంటుంది, వానలొస్తాయి, అమ్మ గౌను ఎత్తిపట్టుకుని మళ్లీ నీళ్లల్లోకి దిగుతుంది, మా అమ్మాయి కట్టేదాకా ఇంతే అని నవ్వుతూ దిగుతుంది. చెప్పాలి. ఫిన్లండు ఆవిడ వింటున్నా సరే. వాల్వు గోరంత తిప్పి, ఊపిరి పీల్చి చెప్పింది. "అమ్మా, నా వంతెన మీద చీమ కూడా నడవలేదు. నేను వాగుల మీద కట్టేదాన్ని కాదు. ఎప్పుడూ కట్టలేదు."

గరిఫాలియా తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంది. సంతలో మోసపోయానని తెలిసినప్పుడు చేసే పని అది. మనిషి ఒక్కసారిగా ఇంత చిన్నగా అయిపోతుందని మెల్పో అనుకోలేదు. "ముందే చెప్పొచ్చుగా," అంది చివరికి.

"చెప్పానమ్మా. తుపాకులు పేలాయి."

మనూసోస్ బాబాయ్ ముందుకొచ్చాడు. ఆయనకి కోపం రాలేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "మరి నీ వంతెన మీద ఎవరు నడుస్తారమ్మాయ్?"

"ఎవరూ నడవరు బాబాయ్. వంగుతుంది, లేస్తుంది. అంతే దాని పని."

"లేవకపోతే?"

"లేవట్లేదు బాబాయ్. అదే మా ఏడుపు. పడితే పడినట్టే."

ఆయన గాఢంగా నిట్టూర్చాడు. "మాదీ అంతేనమ్మా," అన్నాడు. ఆ మాటలో వెటకారమేం లేదు, ఒకే రోగమున్న ఇద్దరు ఆసుపత్రి బెంచీ మీద కలుసుకున్నట్టుగా అన్నాడు. ఫిన్లండు ఆవిడ రాయిని ఒళ్లో బిడ్డలా పట్టుకుని వింటోంది. ఆవిడకి గ్రీకు రాదు, లాంబ్రోస్ చెవిలో ఏదో చెబుతున్నాడు, ఏం చెబుతున్నాడో, ముఖం చూస్తే చావుకబురు చెబుతున్నట్టుంది.

ముల్లు సున్నా మీదికి దిగింది. దిగినప్పుడు మెల్పో చూడలేదు, అమ్మ తలగుడ్డ ముడి చూస్తోంది. మూత తీసి, గోరంత బిళ్లని పట్టకారుతో పట్టుకుని, పరీక్ష బల్ల మీద పెట్టి, చెడాల్సిందేదో ఇందాకే చెడిపోయింది గనక తాపీగానే సన్నటి సూదులు రెండు ఆనించింది. సూక్ష్మదర్శినిలో కనిపించే బొమ్మ వసారాలోని తెర మీద కూడా పడుతుంది. మొదటి వంతెన: అతుక్కుని ఉంది. రెండోది: అదీ అంతే, హాయిగా. లాంబ్రోస్ కళ్లు మూసుకున్నాడు. మూడోదానికి కరెంటిచ్చింది. వంగింది. తీసేసింది. ఒక్క క్షణం ఏమీ లేదు, ఆ ఒక్క క్షణంలో మెల్పో ఏ కొత్త ఉద్యోగం వెతుక్కోవాలో, అమ్మ ఊళ్లో ఏ ముఖంతో కొట్టు తెరవాలో అంతా ఆలోచించేసింది. లేచింది. మళ్లీ ఇచ్చింది, వంగింది, తీసింది, లేచింది. నాలుగోదీ లేచింది. ఆ వరసలో మిగతావన్నీ, బడిపిల్లలు మాస్టారొస్తే లేచినట్టు, లేచాయి.

"లేచిందే! లేచిందే!" ఇంటర్‌కమ్ బద్దలైంది. అమ్మ మోచెయ్యి మీట మీద ఉండిపోయింది, వసారాలో మాటలన్నీ గదిలోకి వినబడుతున్నాయి. "మళ్లీ లేపవే! ప్రెసిడెంటుగారూ, చూడండి, మీసంలో వెంట్రుకంత కూడా లేదు, ఎంత పొంకంగా లేస్తోందో!" ఫిన్లండు ఆవిడ చాలాసేపు తెరవంక చూసి, "కొనసాగించండి," అంది లాంబ్రోస్‌తో. అంతే అంది. లాంబ్రోస్ ఎవర్ని ముద్దుపెట్టుకోవాలో తోచక దగ్గర్లో ఉన్న మనూసోస్‌ని పెట్టుకున్నాడు.

మనూసోస్ బుగ్గ తుడుచుకుని, మీసం సర్దుకుని, నెమ్మదిగా అడిగాడు. "ప్రొఫెసర్‌గారూ, ఈవిడ నిజంగా బ్రస్సెల్స్ నుంచేనా?"

"నిజంగానే."

"వంతెనలు పనిచేస్తున్నాయా లేదా చూడ్డానికే వచ్చింది?"

"ఒకరకంగా... అవును. దానికే."

బాబాయ్ ఫోను తీశాడు. మెల్పో వద్దు బాబాయ్ అనబోయింది, కాని ఆయన మాట్లాడేస్తున్నాడు, గొర్రెల కాపరుల గొంతు, ఒక కొండమీంచి ఇంకో కొండకి. "ఇంజినీరుగారూ, కాతోరెమ నుంచి మనూసోస్‌ని. ఆఁ, వారంలోనని చెప్పారు, గుర్తుంది. అందుకు కాదు. బ్రస్సెల్స్ నుంచి వంతెనలు చూసే కమిటీ ఆవిడ నా పక్కనే ఉంది. పడిపోయిన మన వంతెన రాయి ఆవిడ చేతుల్లోనే ఉంది. నేనంటే నమ్మరు, ఇదిగో, మాట్లాడండి." అందులో ఒక్క అబద్ధమైనా ఉందేమోనని మెల్పో వెతికింది. లేదు. తూలిక్కి ఫోను అందుకుంది, రాయిని చంకలోకి మార్చుకుంది, విషయం లాంబ్రోస్ చెప్పినంతవరకు విన్నదేమో, ద్రాక్షసారా చెప్పినంతవరకు విన్నదేమో, ఎప్పటి ఇంగ్లీషులో ఎప్పటి ప్రశ్నే అడిగింది: "వంతెన ఎప్పుడు పూర్తవుతుంది?"

అవతలి మనిషి ఎంతసేపు తడబడ్డాడో గాని ఆవిడ ఊరుకుంది, ఊరుకోవడంలో ఫిన్లండువాళ్లని మించినవాళ్లు లేరు. ఫోను తిరిగి చేతికొచ్చాక మనూసోస్ ముఖం పొద్దుతిరుగుడు పువ్వయింది. "వానలకి ముందేనట! సోమవారమే కొలతలకొస్తాడట! కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడాడు, గొంతులో తెలుస్తుంది!" నిజానికి ఆ వంతెన వానలకి ముందు కాదు, వానల మధ్యలో పూర్తయింది, అందంగా ఏం లేదు, బూడిదరంగు సిమెంటు దిమ్మ. అయినా దాని మీద గరిఫాలియా గౌను తడవకుండా అటూ ఇటూ తిరుగుతుంది. అది తరవాతి మాట.

ఆ వేళ మాత్రం ఆవిడ అద్దం దగ్గరికొచ్చి, ఈసారి సరైన కూతురి ఎదురుగా నిలబడి, ఊళ్లో ఇక ఏం చెప్పాలా అని కాసేపు ఆలోచించింది. మెల్పో గాజుకి ఇవతల, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

"ఇన్నాళ్లూ మా అమ్మాయి కట్టింది, కట్టింది అని చెప్పాను," అంది గరిఫాలియా, కళ్లు తుడుచుకుంటూ. "ఇక మీదట కట్టించింది అని చెప్తాను. ఒక్క అక్షరమేగా, ఎవడు చూడొచ్చాడు!"